అక్షరాల కోసం పుట్టిన తెర

ల్యాప్‌టాప్ కొనడానికి షాపులో అడుగు పెట్టగానే మాటలు ప్రాసెసర్‌తో మొదలవుతాయి. ఐ5 చాలా, ఐ7 కావాలా, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత. తెర దగ్గరికి వచ్చేసరికి ఎన్ని అంగుళాలో చెప్పి ఊరుకుంటారు. అది ఏ మేరకు రంగులు చూపగలదో అడిగేవాళ్లూ తక్కువే, చెప్పేవాళ్లూ తక్కువే. పగలు ఇంట్లోంచి ఆఫీసు పని, సాయంత్రం సరదాగా తీసుకున్న ఫొటోల పని చేసుకునే మనిషికి మాత్రం అన్నిటికన్నా ముందు తేలాల్సింది అదే. ఈ యంత్రం పుట్టింది అక్షరాల కోసం, అంకెల కోసం. రంగు దానికి చాలా ఆలస్యంగా అబ్బింది. ఇప్పటికీ ఖర్చు తగ్గించాలన్నా బ్యాటరీ ఆదా చేయాలన్నా తయారీదారుల కత్తెర పడే చోట్లలో ఆ రంగు ఒకటి.

ఊహలో అలా లేదు. అమెరికాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన అలన్ కే 1972లో డైనాబుక్ పేరుతో ఒక పలక లాంటి కంప్యూటర్‌ను వర్ణించాడు. పిల్లలు దానిమీద బొమ్మలు గీయాలి, సంగీతం కట్టాలి, చదువుకోవాలి. ఆ యంత్రాన్ని ఆయన ఊహించినట్టుగా ఎవరూ తయారు చేయలేదు.

తయారై బజారుకెక్కింది వేరే యంత్రం. 1981 ఏప్రిల్‌లో ఆడమ్ ఆస్‌బోర్న్ తన పేరుతోనే ఆస్‌బోర్న్ 1ని ప్రజల ముందు పెట్టాడు. లీ ఫెల్సెన్‌స్టైన్ డిజైన్ చేసిన ఆ కంప్యూటర్ సుమారు 11 కిలోల పెట్టె. మూత ఊడదీస్తే అదే కీబోర్డు. తెర 5 అంగుళాల పిక్చర్ ట్యూబు, వరుసకు 52 అక్షరాలు. బ్యాటరీ లేదు, గోడకు ప్లగ్గు పెట్టాల్సిందే. 1,795 డాలర్ల ధరలోనే ఉత్తరాలు రాసుకోవడానికి వర్డ్‌స్టార్, లెక్కలకు సూపర్‌కాల్క్ కలిపి ఇచ్చారు. ఆఫీసును వెంట తీసుకెళ్లడమే దాని పని. ఈ ఆస్‌బోర్న్ చిన్నతనం తమిళనాడులోని అరుణాచలంలో గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆయన మీద పుస్తకాలు రాసినవాడు. మన రచయిత చలం చివరి దశాబ్దాలు గడిపిన ఊరే అది. కంపెనీ 1983లో దివాలా తీసింది. ఆడమ్ చివరికి తమిళనాడుకే తిరిగొచ్చి 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు. మోసుకెళ్లే కంప్యూటర్ చరిత్రలో మన దక్షిణాది పేరు ఇలా మొదట్లోనే తగులుతుందని చాలామందికి తెలియదు.

ఆస్‌బోర్న్ 1 వచ్చిన మరుసటి ఏడాది, 1982లో, గ్రిడ్ కాంపస్ వచ్చింది. బిల్ మాగ్రిడ్జ్ దాని తెరను కీబోర్డు మీదికి మడిచేలా డిజైన్ చేశాడు. ఇవాళ మనం తెరిచి మూసే ప్రతి ల్యాప్‌టాప్‌దీ ఆ రూపమే. ధర 8,150 డాలర్లు. అమెరికా అంతరిక్ష నౌకల్లో కూడా ప్రయాణించింది. దాని తెర మీదా కాషాయ రంగు కాంతిలో అక్షరాలు, గీతలు మాత్రమే.

రంగు కోసం దాదాపు పదేళ్లు ఆగాల్సి వచ్చింది. 1992లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ 700సీలో 10.4 అంగుళాల టీఎఫ్‌టీ రంగుల తెర ఉంది. అంతకుముందు రకం ఎల్‌సీడీ తెరల మీద బాణం గుర్తును కదిపితే వెనకాల నీడలా సాగేది. టీఎఫ్‌టీలో ప్రతి చుక్కకూ సొంత ట్రాన్సిస్టర్ ఉంటుంది. 640 అడ్డం, 480 నిలువు, ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చుక్కలు. లెక్క వేస్తే తొమ్మిది లక్షల ఇరవై వేలకు పైగా ట్రాన్సిస్టర్లు ఒక గాజుపలక మీద! అందులో కొన్ని పనిచేయకపోయినా తెర మీద మచ్చ కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ తెరల ధర ఎందుకంత ఉండేదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు. వెనక నుంచి తెల్లని కాంతి వస్తుంది. ఒక పోలరైజర్ రేకు అందులో దాదాపు సగాన్ని ఆపేస్తుంది. ద్రవ స్ఫటికాలు మెలి తిరిగి, దాటాల్సిన కాంతిని దాటిస్తాయి. ఆపైన రంగు వడపోత పొర. ఎర్ర చుక్క దగ్గర ఎరుపు తప్ప మిగతాదంతా అక్కడే ఆగిపోతుంది. ఇన్ని గడపలు దాటి మన కంటికి చేరేది వెనక వెలిగినదాంట్లో పదో వంతుకు మించదు. ఎరుపు మరింత స్వచ్ఛంగా కావాలంటే వడపోత మరింత చిక్కగా ఉండాలి. చిక్కనైతే ఇంకా తక్కువ కాంతి బయటికొస్తుంది. ఆ లోటు తీర్చడానికి వెనక దీపం పెంచాలి, దానికి బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకే చవక ల్యాప్‌టాప్‌కు పల్చటి వడపోత వేస్తారు. ఎక్సెల్ షీటు దానిమీద ఏ లోటూ లేకుండా కనిపిస్తుంది. పులికాట్ రాజహంస రెక్క కింది ఎరుపు మాత్రం వెలిసిపోతుంది.

ఈ తేడాను కొలిచే అంకెలు డబ్బా మీదో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఉంటాయి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే ఆగండి. ఎన్‌టీఎస్‌సీ 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీని అదే కొలతతో కొలిస్తే 72 శాతం. ఇంటర్నెట్‌లో, ఫోన్లలో, మామూలు ఫొటో ల్యాబుల్లో నడిచేది ఎక్కువగా ఎస్‌ఆర్‌జీబీయే. అంటే 45 శాతం తెర ఆ రంగుల్లో ఐదింట మూడు వంతులకు అటూ ఇటూ చూపిస్తుంది. మిగతాది ఫొటోలో ఉన్నా మీరు చూడలేరు. కనిపించడం లేదని రంగు పెంచుతారు, ఆ ఫొటో ఫోన్‌లో తెరిచిన బంధువుకు ముఖాలు పసుపు పూసినట్టు కనిపిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం అన్నది నా దృష్టిలో కనీస అర్హత. అంతకన్నా విశాలమైన పీ3 రంగుల శ్రేణి కూడా ఉంటే బంతిపూల నారింజ, పట్టుచీర ఎరుపు ఇంకా నిండుగా వస్తాయి.

కెమెరా ఇచ్చేది ఎంతో తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. కోడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన వడపోతే ఇప్పటికీ ఎక్కువ కెమెరాల సెన్సర్ల మీద ఉంది. రెండు ఆకుపచ్చలకు ఒక ఎరుపు, ఒక నీలం. ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. సెన్సర్ కొలతలను అలాగే దాచే రా ఫైల్‌గా ఫొటో తీస్తే, మిగతా రెండింటినీ పక్క పిక్సెళ్ల నుంచి లెక్కకట్టేది మీ కంప్యూటరే. 14 బిట్ల రా ఫైల్ ఒక్కో కొలతలో 16,384 మెట్లు గుర్తించగలదు. చవక తెర ఒక్కో రంగులో 64 మెట్లే చూపి, మధ్యవాటిని చుక్కలు మినుకుమనిపించి నటిస్తుంది. సాయంత్రం ఆకాశం నున్నగా జారకుండా పట్టీలు పట్టీలుగా కనిపించడానికి ఇదొక కారణం.

ర్యామ్ లెక్క కూడా ఫొటోలోంచే తీయొచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను మూడు రంగులుగా, ఒక్కో రంగు 16 బిట్లుగా విప్పితే 144 మెగాబైట్లు. దానిమీద నాలుగైదు లేయర్లు, పక్కన వీడియో మీటింగు, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు. 8 జీబీ ఇక్కడే చతికిలబడుతుంది, 16 జీబీ తీసుకోండి. చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు కాబట్టి తర్వాత పెంచుకుందాం అనే మాట చెల్లదు. ప్రాసెసర్ గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు, ఈ రెండు మూడేళ్లలో వచ్చిన మధ్యరకానివి ఈ పనికి సరిపోతాయి. ఏఐతో నాయిస్ తగ్గించడం మీకు రోజువారీ పనైతేనే గ్రాఫిక్స్ చిప్ మీద డబ్బు పెట్టండి.

ఓఎల్‌ఈడీ తెరల గురించి అడుగుతారు. అందులో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, నలుపు నిజంగా నలుపే. ఫొటోలకు ముచ్చటైన తెర. అయితే ఆఫీసు పనిలో కింది టాస్క్‌బార్ రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా అక్కడే ఉంటుంది, ఏళ్లు గడిస్తే దాని మచ్చ పడే అవకాశం ఉంది. వెలుగు తగ్గించినప్పుడు కొన్ని మోడళ్లు కంటికి తెలియకుండా మినుకుమంటాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. రెండు పనులూ ఒకే యంత్రం మీద చేసేవారికి మంచి ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెరనే నేను ముందు పెడతాను.

షాపుకు వెళ్లేటప్పుడు మీ ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. మనుషుల ముఖాలున్నది ఒకటి, సూర్యాస్తమయ ఆకాశం ఒకటి, ముదురు ఎరుపు ఉన్నది ఒకటి. తెరిచాక మూతను ముందుకీ వెనక్కీ వంచి చూడండి. రంగులు మారిపోతుంటే ఆ తెర ఫొటో పనికి రాదు. ఇంటికి తెచ్చాక వెలుగు తగ్గించి పనిచేయండి. తెర వెలుగు గది వెలుగును మించిపోతే మీరు తెలియకుండానే ఫొటోను ముదురు చేస్తారు, ల్యాబ్‌లో ప్రింటు నల్లగా వస్తుంది.

మాగ్రిడ్జ్ మడత సంచిలో మోయడానికి ఎంత సుఖమో, రోజంతా కూర్చుని పనిచేసే మెడకు అంత కష్టం. తెర కంటి ఎత్తుకు వస్తే చేతులు పైకి లేవాలి, చేతులు కిందుంటే తల వంగాలి. రోజంతా దాని ముందే ఉండేవారు ఎత్తు పీట, విడి కీబోర్డు, మౌస్ కొనుక్కోవాలి. డబ్బు కుదిరితే ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపే విడి మానిటర్ తీసుకుని, ల్యాప్‌టాప్‌ను తక్కువ ధరలో సరిపెట్టుకోవడం ఇంకా తెలివైన బేరం. ఏ దారిలో వెళ్లినా ఫొటోల రెండో కాపీకి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ధరను మొదటి రోజే బడ్జెట్‌లో కలుపుకోండి.