మంచునేలకు కంబళి

అలాస్కా హైవేను 1942లో నిర్మించిన అమెరికన్ సైనికులు, దారికడ్డమని నేలపైనున్న నాచుపొరను బుల్డోజర్లతో దొలగించినంతనే, వేలయేండ్లుగా గడ్డకట్టియున్న భూమి ఎండసోకి కరగి, యంత్రములను సైతము మ్రింగు రొంపిగా మారినది. ఆ నాచే భూమికి కంబళియని గ్రహించి, పిమ్మట దానిని కదల్పక, దానిపైననే దుంగలును కొమ్మలును పరచి, మట్టి పోసి బాట సాగించిరి.

తారురోడ్డునకు ఈ చిక్కు మఱింత యధికము: నల్లని తలము వేసవియెండను త్రావి ఆ వేడిని క్రిందికి పంపగా, మంచు కరగినచోట నేల క్రుంగి, రోడ్డు అలలవలె వంకరలు పోవును. అందుచేత ఇంజనీర్లు రోడ్డుకట్టలో కొన్ని అంగుళముల మందముగల పాలిస్టైరీన్ నురుగుపలకలను పరతురు. ఇవి మన థర్మోకోలుకు దగ్గరి చుట్టములే, కాని నీటిని అంతగా పీల్చవు, లారీల బరువునకు తాళును. ఐతే ఈ కంబళి వేసవిలో వేడిని ఆపునట్లే శీతకాలమున చలిని గూడ ఆపును గనుక, రోడ్డు తలమున ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాను దాటిన తావుల కరగుట నెమ్మదించునే కాని, పూర్తిగా నిలువదు.