నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి: రెండు రాష్ట్రాలకు ఒకే దారి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రహదారుల జాబితాలో 2వ నంబరుది నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రోడ్డు. పొడవు 212.5 కిలోమీటర్లు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి (65) మీద నార్కట్‌పల్లి దగ్గర మొదలై, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి (16) మీద మేదరమెట్ల దగ్గర ముగుస్తుంది. రెండు జాతీయ రహదారులను అడ్డంగా కలపడమే దీని అసలు ప్రయోజనం. హైదరాబాద్ నుంచి ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చెన్నై వెళ్లే బస్సులు, లారీలు విజయవాడ చుట్టూ తిరిగే పని లేకుండా నార్కట్‌పల్లిలోనే దక్షిణానికి మళ్లుతాయి.

నార్కట్‌పల్లి నుంచి రోడ్డు నల్లగొండ, తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా మిర్యాలగూడ చేరుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరి వల్ల మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరు పొందింది. ఆ బియ్యం లారీలకు ఇదే ముఖ్యమైన దారి. జడ్చర్ల–కోదాడ జాతీయ రహదారి (167) కూడా ఈ ఊళ్లోనే దీన్ని కలుస్తుంది. దామరచర్ల దాటాక మూసీ, కృష్ణ కలిసే వాడపల్లి వస్తుంది. కృష్ణ మీది వంతెన దిగితే అవతల పల్నాడులోని పొందుగుల.

పల్నాడులో నేల స్వభావం మారుతుంది. దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతమంతా సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, నదికి రెండు వైపులా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు ఈ రాయి మీదే ఆధారపడ్డాయి. బీబీనగర్–నడికుడి రైలు మార్గం కూడా పొందుగుల దగ్గరే కృష్ణను దాటుతుంది. పిడుగురాళ్ల నుంచి రోడ్డు నరసరావుపేటను తాకకుండా దానికి పడమరగా నెకరికల్లు, రొంపిచర్ల మీదుగా సంతమాగులూరు వెళ్తుంది. అక్కడ వినుకొండ–గుంటూరు రోడ్డును దాటి అద్దంకి చేరుతుంది. తొలినాటి తెలుగు పద్యానికి ఆధారంగా నిలిచిన 9వ శతాబ్దపు పండరంగని శాసనం దొరికింది ఈ ఊళ్లోనే. ఇక్కడికి మేదరమెట్ల దగ్గరే.

రద్దీ పెరగడంతో రోడ్డును నాలుగు వరుసలుగా విస్తరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు అభివృద్ధి సంస్థ 2010లో ఆ పనిని ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో అప్పగించింది. ఈ పద్ధతిలో కంపెనీ సొంత పెట్టుబడితో రోడ్డు వేస్తుంది, ఒప్పంద కాలమంతా నిర్వహిస్తుంది, టోల్ ద్వారా ఖర్చు రాబట్టుకుంటుంది, గడువు తీరాక రోడ్డును ప్రభుత్వానికి అప్పగిస్తుంది. మాడుగులపల్లి, పిడుగురాళ్ల సమీపంలోని తుమ్మలచెరువు టోల్ ప్లాజాలు అలా వచ్చినవే.

ఒప్పందం కుదిరినప్పుడు రాష్ట్రం ఒక్కటే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో కృష్ణానది ఇక్కడ సరిహద్దయింది, ఒకే రాష్ట్ర రహదారి రెండు ప్రభుత్వాల పరిధిలోకి వెళ్లింది. నదికి ఈవల వాడపల్లిలో, ఆవల పొందుగులలో చెక్‌పోస్టులు వెలిశాయి. 2020 లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు బయలుదేరిన జనం పెద్ద సంఖ్యలో ఆగిపోయిన చోట్లలో ఇదొకటి.

రోడ్డు వెడల్పయ్యాక వేగం పెరిగింది, ప్రమాదాల భయమూ మిగిలింది. సినీనటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నెల్లూరు జిల్లాకు వెళ్తూ నల్లగొండ సమీపంలోని అన్నెపర్తి వద్ద ఈ దారిలోనే కారు ప్రమాదానికి గురై మరణించారు. ఊళ్ల మధ్య నుంచి, పొలాల పక్క నుంచి సాగే దారి కావడంతో దూరప్రయాణపు కార్లు, సరుకు లారీలు, స్థానికుల ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాలు ఒకే రోడ్డును పంచుకుంటాయి. రాష్ట్ర రహదారి హోదాలో ఉంటూనే ఇది జాతీయ రహదారి స్థాయి రద్దీని మోస్తోంది.