పరాచికములకు వావి, వరుస: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడల నడుమనున్న మాడుగులపల్లి ప్రాంతమున నాట్లు సాగునపుడు, గట్టుమీదినుండి నారుకట్టలు విసరు యువకుని జూచి మడిలోని మరదలు, "ఏం బావా, పొద్దుగాల బువ్వ తినలేదా, కట్ట ఒరం దాటుతలేదు?" అనుటయు, "నువ్వు వండిపెడితే తింటుంటి" అని అతడు బదులాడుటయు, తక్కిన కూలీలెల్ల పకాలున నవ్వుటయు కలదు. ఈ పరాచికములను కొందఱు మిక్కిలి కఠినముగను, కొందఱు మిక్కిలి ఉదారముగను ఎంచుటచే పలు అపోహలు పాతుకొన్నవి.

అపోహ: ఇట్టి సరసములు సినిమాలు నేర్పినవి.

వాస్తవం: శాతవాహన ప్రభువగు హాలుని పేర ప్రసిద్ధమైన ప్రాకృత గాథాసప్తశతిలోనే వదినెమరదుల ప్రసక్తి కలదు. మన పెండ్లిండ్లలో బిందెలోని ఉంగరమునకై వధూవరులు పోటీపడుటయు, గడపకడ్డముగ నిలిచి ఆడబిడ్డ కొత్తదంపతులచే పేర్లు చెప్పించుటయు, హోళీనాడు వరుసైనవారు రంగులు చల్లుకొనుటయు పెద్దల కన్నులయెదుటనే జరుగు వేడుకలు. సినిమాలు నేర్పినది వేఱు: కాదన్న పిల్ల వెంటబడి ఒప్పించుటయే నాయకలక్షణమనునది.

అపోహ: పల్లెలో ఎవరు ఎవరినైనను ఆటపట్టింపవచ్చును.

వాస్తవం: మేనమామ బిడ్డ మరదలు, మేనత్త కొడుకు బావ, వారి నడుమ హాస్యము చెల్లును. చిన్నాయన, పెద్దనాయన, చిన్నమ్మ, పెద్దమ్మల సంతానము తోబుట్టువులు. అచ్చట అదే మాట పెద్ద తప్పు. రక్తసంబంధము లేని ఇరుగుపొరుగులును ఒకరినొకరు వరుస కలిపియే పిలుచుకొనుటచే, ఎవరితో ఎంతవఱకు నవ్వవచ్చునో ఊరికెల్ల తెలిసియే యుండును.

అపోహ: బావామరదళ్లు నవ్వులాడినచో లగ్నము కుదిరినట్లే.

వాస్తవం: భార్య చెల్లెలితోను, అన్న భార్యతోను పెండ్లితలంపు లేకయే పరాచికములు సాగుచున్నవి. మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో వ్రాసిన వ్యాసమున, వియ్యమందిన కుటుంబముల నడుమ పొత్తును, ఎడమును ఒక్కమారే నిలుపుటకు ఇట్టి హాస్యము ఉపకరించునని వివరించెను. ఇక మేనరికమందురా, 1955 నాటి హిందూ వివాహచట్టము దానిని ఆచారమున్నచోట మాత్రమే అంగీకరించుచున్నది.

అపోహ: వరుస కుదిరినచో ఏమన్నను చెల్లును, పిల్ల పలుకకున్న ఒప్పుకొన్నట్లే.

వాస్తవం: ఎదురు మాట పడని పరాచికము పరాచికమే కాదు. నలుగురిలో ఆడిన మాటకు ఆమెయు అంతకు రెట్టింపు అప్పగింపగలిగినంతవఱకే అది వేడుక. ఆమె మొగము చిట్లించిన క్షణమున, "చాలు పోరా" యని పక్కనున్న పెద్దమ్మ గదుముట పల్లె మర్యాద. ఆమె ఇష్టపడుట లేదని తెలిసియు పదేపదే వెంబడించి పలుకరించుట 2013 చట్టసవరణతో నేరమైనది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 78వ సెక్షను ప్రకారము తొలి తప్పునకే మూడేండ్ల వఱకు జైలుశిక్ష పడవచ్చును. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో ప్రారంభమై పిమ్మట జిల్లాలకు విస్తరించిన పోలీసుల షీ టీములు ఇట్టి ఫిర్యాదులనే స్వీకరించుచున్నవి. బావనని చెప్పుకొనుట అచ్చట జవాబు కాజాలదు.