బరోక్ సంగీతంలో చారిత్రక శ్రుతిభేదాలు: రికార్డర్ వాదనం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన సంగీతయుగాన్ని బరోక్ యుగం అంటారు. ఆ కాలంలో కాగితంపై రాసిన ఒకే స్వరం ఒక్కో ఊరిలో ఒక్కో శ్రుతిలో పలికేది. ఈ భేదాన్ని రికార్డర్ అనే చెక్క వేణువు స్పష్టంగా పట్టి ఇస్తుంది. శ్రుతిని ఎంచుకోవడం వాద్యకారుని అభిరుచికి మాత్రమే సంబంధించినది కాదనీ, అది రచనాపాఠాన్ని అర్థం చేసుకొనే పద్ధతి అనీ బాఖ్ రచన ఒకదాని ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బరోక్ సంగీతం, రికార్డర్, శ్రుతి, బాఖ్, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం:
ఇక్కడ రికార్డర్ అంటే ధ్వనిముద్రణ యంత్రం కాదు. నిలువుగా పట్టుకొని ఊదే వేణువు. ఊపిరిని పదునైన అంచుపైకి నడిపించే సన్నని దారి దాని మూతిలోనే అమరి ఉంటుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనుక ఒకటి ఉంటాయి.

పాశ్చాత్య సంగీతంలో ‘ఎ’ అనే స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పి శ్రుతిని నిర్ణయిస్తారు. ఇప్పటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌పై 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో అంగీకారం కుదిరింది. బరోక్ యుగంలో అటువంటి ప్రమాణం లేదు. జాన్ షోర్ అనే ఆంగ్ల వాద్యకారుడు శ్రుతిదండాన్ని రూపొందించినదే 1711లో. కాబట్టి ఆనాటి శ్రుతులను నేడు ముఖ్యంగా మిగిలివున్న ఊదే వాద్యాలు, ఆర్గన్ గొట్టాల ద్వారా నిర్ధారిస్తున్నారు.

2. ఊరికొక శ్రుతి:
ఫ్రాన్స్‌లో సుమారు 392 హెర్ట్జ్ వరకు దిగిన శ్రుతి వ్యవహారంలో ఉండేది. వెనిస్ శ్రుతి అంతకన్నా చాలా ఎక్కువ. 1752లో వెలువడిన తన వేణువాదన గ్రంథంలో క్వాంట్స్ ఈ వైవిధ్యాన్ని చర్చించి, శ్రుతి ఏకరూపంగా లేకపోవడం సంగీతానికి ఇబ్బంది అని అభిప్రాయపడ్డాడు.

జర్మనీలో ఒకే చర్చిలో రెండు శ్రుతులు ఎదురుపడేవి. ఆర్గన్‌లు సాధారణంగా ‘కోర్‌టోన్’ అనే హెచ్చు శ్రుతిలో ఉండేవి. పదిహేడవ శతాబ్ది చివర ఫ్రాన్స్ నుంచి వచ్చిన కొత్తరకం రికార్డర్లు, ఓబోలు ‘కామర్‌టోన్’ అనే తగ్గు శ్రుతిలో ఉండేవి. వేల గొట్టాలున్న ఆర్గన్‌ను మార్చడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఒక్కో వాద్యానికి ఒక్కో ఆధారస్వరంలో స్వరపత్రం రాసి ఈ రెండింటినీ పొందుపరిచేవారు.

3. రికార్డర్ నిర్మాణం - శ్రుతి:
తీగవాద్యకారుడు బిరడా తిప్పి శ్రుతి మార్చుకోగలడు. రికార్డర్ వాదకునికి ఆ వెసులుబాటు లేదు. గట్టిగా ఊదితే శ్రుతి పెరుగుతుంది, మెల్లగా ఊదితే తగ్గుతుంది. అంటే శ్రుతి కోసం ఊపిరిని మార్చితే ధ్వని పరిమాణమూ మారిపోతుంది. తలభాగాన్ని కొంచెం బయటికి లాగితే శ్రుతి తగ్గుతుంది కాని, పై రంధ్రాల స్వరాలు ఎక్కువగా, కింది రంధ్రాల స్వరాలు తక్కువగా దిగడం వల్ల స్వరాంతరాలు చెడిపోతాయి.

కాబట్టి ప్రతి శ్రుతికీ వేరొక వాద్యం కావాలి. 440 వాద్యం కన్నా 415 వాద్యం దాదాపు 6 శాతం, 392 వాద్యం దాదాపు 12 శాతం పొడవుగా ఉంటాయి. రంధ్రాల ఎడం పెరుగుతుంది, వేళ్ల అమరిక మారుతుంది. కర్ణాటక సంగీతంలో వేణువిద్వాంసులు శ్రుతికొక వేణువు వెంట ఉంచుకోవడానికి కారణం కూడా ఇదే.

4. బాఖ్ 106వ కాంటాటా - పాఠభేదం:
‘ఆక్టుస్ ట్రాజికుస్’గా ప్రసిద్ధమైన ఈ రచన సుమారు 1707-08 నాటిది. ఇందులో రెండు రికార్డర్లు, రెండు వయోలా ద గాంబాలు ఉన్నాయి. బాఖ్ స్వహస్తప్రతి లభించలేదు. తరువాతి ప్రతులలో రికార్డర్ల భాగం ఎఫ్ మేజర్‌లోనూ, తక్కిన భాగాలు ఇ-ఫ్లాట్ మేజర్‌లోనూ కనిపిస్తాయి. రెంటి మధ్య దూరం ఒక పూర్ణస్వరం.

శ్రుతిభేదం తెలియని పాఠకునికి ఇది లేఖకదోషంగా తోచవచ్చు. నిజానికి ఇది రచనలోని సాక్ష్యం. ఆల్టో రికార్డర్ అత్యంత మంద్రస్వరం ఎఫ్. అంతకన్నా కింది ఇ-ఫ్లాట్ ఆ వాద్యంలో లేదు. తగ్గు శ్రుతిలోని రికార్డర్ ఎఫ్ పలికితే, హెచ్చు శ్రుతిలోని ఆర్గన్ ఇ-ఫ్లాట్ దానితో కలుస్తుంది. లెక్క చూస్తే 415 శ్రుతిలో ఎఫ్, 466 శ్రుతిలో ఇ-ఫ్లాట్ రెండూ సుమారు 330 హెర్ట్జ్.

నేటి వాద్యబృందాలకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.
(అ) రికార్డర్లు 415లో, తక్కినవారు 466లో వాయించడం. ఇది ప్రతిలోని సంబంధాన్ని యథాతథంగా నిలుపుతుంది.
(ఆ) రికార్డర్లు 392లో, తక్కినవారు 440లో వాయించడం. సంబంధం మారదు కాని, మొత్తం రచన ఒక అర్ధస్వరం దిగుతుంది. గాయకులపై దాని ప్రభావం ఉంటుంది.
(ఇ) అందరూ 415లో ఎఫ్ మేజర్ వాయించడం. వినిపించే ఎత్తు మొదటి మార్గంతో సమానమే. అయితే గాంబాపై వేళ్లు పడే చోట్లు మారుతాయి. ఏ స్వరాలు వేలు పెట్టని తీగపై మోగుతాయో అదీ మారుతుంది. అంటే వాద్యధ్వని మారుతుంది.

5. 415 ప్రమాణం - విమర్శ:
నేడు ‘బరోక్ శ్రుతి’గా చెలామణి అవుతున్న 415 కూడా ఆధునికుల ఒప్పందమే. అది 440కి సరిగ్గా ఒక అర్ధస్వరం తక్కువ. హార్ప్సికార్డ్ మెట్ల వరుసను ఒక మెట్టు జరిపితే రెండు శ్రుతులూ ఒకే వాద్యంపై పలుకుతాయి. ఈ సౌకర్యం దాని వ్యాప్తికి తోడ్పడింది. లండన్‌లో పీటర్ బ్రెస్సాన్ చేసిన రికార్డర్లలో పలు వాద్యాలు 415 కన్నా తక్కువ శ్రుతిలోనే ఉన్నాయి. వాటి ప్రతిరూపాలను 415కు కుదించి చేసినప్పుడు మూలవాద్యం కొలతలు మారక తప్పదు.

6. ముగింపు:
- బరోక్ స్వరపత్రం వాద్యం, ఊరు, శ్రుతి తెలిసినప్పుడే సంపూర్ణంగా అర్థమవుతుంది.
- రికార్డర్ శ్రుతి నిర్మాణంలోనే స్థిరపడి ఉన్నందువల్ల, మిగిలివున్న వాద్యం లిఖితప్రతితో సమానమైన ఆధారం.
- 106వ కాంటాటా భాగాలన్నింటినీ ఒకే ఆధారస్వరానికి మార్చి, ఆ మార్పును తెలపకుండా ముద్రిస్తే, రచన ఏ శ్రుతులలో పలికిందో తెలిపే సాక్ష్యం చెరిగిపోతుంది.
- ప్రతులలో పొసగని పాఠం కనిపించినప్పుడు దిద్దడానికి ముందు దాని కారణాన్ని అన్వేషించాలన్న పాఠపరిష్కరణ సూత్రం సంగీతానికీ వర్తిస్తుంది.