ఆకాశం నుంచి పెట్టె దిగితే...

తోరణగల్లు నుంచి సెలవులకు తెలంగాణ పల్లెలకు వెళ్ళే మనవాళ్ళకు పనికొచ్చే సంగతి ఇది. హైదరాబాదులోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వదిలే హైడ్రోజన్ బెలూన్లు పరిశోధన పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్తాయి. పని ముగిశాక ఆ పెట్టెలు రంగుల పారాచూట్లతో ఎక్కడో దూరాన ఏ చేలోనో దిగుతాయి. తానెక్కడుందో పెట్టెలోని జీపీఎస్ రేడియోలో చెబుతూనే ఉంటుంది. అయినా ముందు చేరేది ఊరివాళ్ళేగా! 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన పెద్ద గుండ్రటి క్యాప్సూల్‌ను చూసి ఊరంతా హడలిపోయింది. అది ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగం.

మీ కంటబడితే ముట్టుకోకండి. కొన్నిట్లో హై వోల్టేజి ఉంటుంది, లోపలున్నది ఏళ్ళ తరబడి శ్రమ. పోలీసులకో పోస్టాఫీసుకో చెప్పండి. బహుమతీ, దారి ఖర్చులూ ఇస్తారు. విప్పి చూశారో, బహుమతి లేనట్లే.