చక్రాల పలక ఎట్లు మలుపు తిరుగును?

సైకిలుకు హాండిలు ఉన్నది. మోటారుకారుకు స్టీరింగు ఉన్నది. లాంగ్‌బోర్డు అను పొడవైన చక్రాల పలకకు ఈ రెండును లేవు. దానిపై నిలుచున్నవాడు కుడికి ఒరిగినచో పలక కుడికి తిరుగును. ఎడమకు ఒరిగినచో ఎడమకు తిరుగును. ఒరుగుటను మలుపుగా మార్చు ఉపాయమంతయు పలక అడుగున, ముందొకటి వెనుకొకటిగా బిగించిన 'ట్రక్కులు' అను రెండు ఇరుసు దిమ్మలలో ఉన్నది. వీని అమరిక కుదిరినచో ప్రయాణము హాయిగా సాగును. కుదరనిచో పల్లపు రోడ్డుమీద ఎముకలు విరుగు ప్రమాదము కలదు.

ఈ ఉపాయము పలకకంటె పాతది. 1863లో న్యూయార్కు వాసి జేమ్స్ ప్లింప్టన్, ఒరిగిన వైపునకు తిరుగు చక్రాల జోళ్ళకు పేటెంటు పొందెను. అంతకు ముందటి జోళ్ళు తిన్నగా పోవుటకే పనికివచ్చెడివి. 1950 ప్రాంతమున కాలిఫోర్నియా తీరపు యువకులు, సముద్రములో అలలు లేని దినములలో వినోదమునకై, అట్టి జోళ్ళ ఇరుసులను చెక్కపలకకు బిగించి వీధులలో నడపిరి. నేడు మన పట్టణములలో పిల్లలు తొడుగుకొను నాలుగు చక్రాల స్కేట్లలో గల సూత్రమును ఇదియే.

ట్రక్కులోని భాగములు

పలకకు మరలతో బిగించు దిమ్మను ఆధార ఫలకమందురు. ఇరుసును మోయు లోహపు భాగము హాంగరు. ఈ రెంటిని కలుపు లావుపాటి బోల్టు పేరు కింగ్‌పిన్ను. హాంగరుకు ఇరువైపుల ఈ బోల్టుకు తొడిగిన మెత్తని దిమ్మలే బుష్షులు. హాంగరు ముక్కు ఆధార ఫలకములోని చిన్న గుంటలో ఆనియుండును. హాంగరు ఆ ముక్కు గుండా, బుష్షుల మధ్య గుండా పోవు ఒక ఏటవాలు అక్షము చుట్టును తిరుగును.

ఈ ఏటవాలులోనే కీలకమున్నది. అక్షము నేలకు సమాంతరముగ ఉన్నచో పలక ఊరక ఒరుగునే గాని మలుపు తిరగదు. నిట్టనిలువుగ ఉన్నచో చక్రములు తిరుగును గాని, ఒరుగుటకు దానితో సంబంధముండదు. మధ్యస్థముగ ఉన్నప్పుడు ఒకటి రెండవదానిగా మారును. దీనికి ఒక చక్కని సూత్రము కలదు:

టాన్ (మలుపు కోణము) = సైన్ (ఒరుగు కోణము) × టాన్ (అక్షకోణము)

ఉదాహరణకు రెండు ట్రక్కుల మధ్య దూరము 70 సెం.మీ. అనుకొందము. పలక 10 డిగ్రీలు ఒరిగినది. అక్షకోణము 50 డిగ్రీలైనచో ఒక్కొక్క ఇరుసు సుమారు 11.7 డిగ్రీలు తిరుగును, పలక 1.7 మీటర్ల వ్యాసార్ధముగల వలయమున పోవును. అక్షకోణము 30 డిగ్రీలైనచో ఇరుసు 5.7 డిగ్రీలే తిరుగును, వ్యాసార్ధము 3.5 మీటర్లగును. మెలికలు తిరుగుచు పోదలచినవారికి మొదటిది మేలు. వేగముగ దిగువారికి రెండవది మేలు. ఏలయన కాలి చిన్న వణుకునకే పలక దిశ మారరాదు. అందుచేతనే వేగప్రియులు వెనుక ట్రక్కుకు ముందుదానికంటె తక్కువ కోణమును ఎంచుకొందురు.

బుష్షుల ఎంపిక

ఒరిగిన పలకను తిరిగి మధ్యకు తెచ్చునది బుష్షుల స్థితిస్థాపకత. ఇవి సాధారణముగ పాలీయురిథేనుతో తయారగును. వీని కాఠిన్యమును డ్యూరోమీటరుతో, షోర్ 'ఎ' మానముపై కొలుతురు. అంకె పెరిగినకొలది గట్టిదనము పెరుగును. బుష్షులు ఎక్కువగా 75ఎ నుండి 95ఎ వరకు లభించును.

ఎవరికి ఏది తగునన్నది ముఖ్యముగ శరీర బరువుపై ఆధారపడును. 50 కిలోల మనిషి తన గరిమనాభిని 2 సెం.మీ. పక్కకు జరిపినచో పలకపై 9.8 న్యూటన్-మీటర్ల భ్రామకము కలుగును. 80 కిలోల మనిషికి ఇదే 15.7 అగును. కావున ఒకే బుష్షు సన్ననివానికి బిగుతుగను, లావాటివానికి వదులుగను తోచును. స్థూలముగ 50 కిలోలకు 80ఎ, 70 కిలోలకు 85ఎ, 90 కిలోలకు 90ఎ ప్రాంతమున మొదలిడి, అనుభవమునుబట్టి మార్చుకొనవచ్చును.

ఆకారమును గమనింపదగినదే. స్తంభాకారపు బుష్షు అంచులలో పదార్థ మెక్కువ. అది ఒరుగుటను ఎదిరించి స్థిరత్వమునిచ్చును. శంకువు ఆకారపుదానికి అంచున పదార్థము తక్కువ. కనుక సులభముగ ఒరగనిచ్చును. పలకవైపు స్తంభమును, నేలవైపు శంకువును అమర్చినచో మలుపులకు అనుకూలము. రెండును స్తంభములైనచో వేగమునకు అనుకూలము.

నట్టును ఎంత బిగింపవలెను?

మెత్తని బుష్షు చాలనప్పుడు నట్టును గట్టిగ బిగించుట పలువురు చేయు పొరపాటు. అతిగా నొక్కబడిన బుష్షు పక్కలకు ఉబ్బి, త్వరలో పగులును. పలక కొంత ఒరిగి హఠాత్తుగ నిలిచిపోవును. వాషరు వేలితో తిరగనంతవరకు బిగించి, అటుపై పావు చుట్టు చొప్పున సరిచూచుట మంచిది. ఒకటి రెండు చుట్లకు మించి బిగింపవలసివచ్చినచో గట్టి బుష్షు వేయవలెను. మరీ వదులైనచో చక్రము పలకకు తగిలి ఒక్కసారి ఆగిపోవును. మనిషి ముందుకు పడును. బోల్టు మరచుట్లు నట్టు చివరివరకు వచ్చియుండుటయు అవసరము.

వేగపు వణుకు

వేగము పెరిగినప్పుడు పలక కుడియెడమలకు కొట్టుకొనుట మొదలై, క్షణములో పెచ్చుపెరుగును. మనిషి దానిని సరిదిద్దబోవును. కాని కన్ను, చెవి, కండరముల స్పందనకు కొంత కాలము పట్టును. 36 కి.మీ. వేగమున సెకనులో ఐదవ వంతు ఆలస్యమైనను పలక రెండు మీటర్లు ముందుకు పోవును. అప్పటికి పలక రెండవ వైపునకు ఒరిగియుండిన, సరిదిద్దుటయే వణుకునకు దోహదమగును. 2016లో బుడాపెస్టు, బ్రిస్టలు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు ఈ ఆలస్యమును గణితములో చేర్చి వణుకును పరిశీలించిరి. ఆ వేగమున పడుట సుమారు 5 మీటర్ల ఎత్తునుండి పడినంత శక్తితో కూడినది. శరీరమును వంచి, బరువును ముందు కాలిపై ఉంచుట వణుకును తగ్గించును. శిరస్త్రాణము లేనిదే పల్లమునకు దిగరాదు.

అమరికను మార్చునపుడు ఒకసారికి ఒకదానినే మార్చి, జనము లేని స్వల్పపు వాలున పరీక్షింపవలెను. బుష్షు, నట్టు, కోణము మూడింటిని కలిపి మార్చినచో ఫలితము దేనివలన కలిగినదో తెలియదు. ప్రయోగశాలలో పాటించు నియమమే ఇచ్చటను వర్తించును. నాలుగు చక్రాల స్కేటు దొరికినచో ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. స్కేటును బల్లపై ఉంచి ఒక అంచును నొక్కినచో, ఆ వైపు ముందు వెనుక చక్రములు ఒకదానికొకటి దగ్గరగును. రెండవ వైపు చక్రములు దూరమగును. త్రికోణమితి వీధిలో పరుగిడు విధమును విద్యార్థులు కంటితోనే చూడగలరు.