తుమ్ము వెనక సైన్స్ చూస్తారా?

గరిక పూసే రోజుల్లో తుమ్ములు ఆగట్లేదా? జలుబని సరిపెట్టుకోకండి, ఎలర్జీ కావచ్చు. గరిక పుప్పొడిలో సిన్-డి-1 అనే ప్రొటీన్ ఉంటుంది. కొందరి శరీరం దాన్ని శత్రువనుకుని ఐజీఈ యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఇవి మాస్ట్ కణాలపై కాపు కాస్తాయి. పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఈ ప్రొటీన్ కలిపిందా... హిస్టమిన్ విడుదలై తుమ్ము వస్తుంది. ఒక్కదానికే అతుక్కుంటే ఏమీ కాదు!

ప్రొటీన్‌పై యాంటీబాడీ పట్టుకునే చోటే ఎపిటోప్. దాన్ని మార్చి, ఎలర్జీ రేపని టీకాలు చేయాలన్నది పరిశోధకుల ప్రయత్నం.

లైఫ్ సైన్సెస్ చదువుతున్నారా? ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 2వీఎక్స్‌క్యూ అని వెతకండి. యూరప్‌లో పెరిగే తిమోతి గడ్డి ప్రొటీన్‌ను ఐజీఈ ఎలా పట్టుకుందో త్రీడీలో ఉచితంగా చూడొచ్చు. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఆలోచన అక్కడే దొరకొచ్చు.